సందేహాలు – సమాధానాలు: బిస్కెట్టా, బిస్కత్తా?

సందేహం: మా అమ్మాయి ఆరో తరగతి. తెలుగు వ్యాసంలో "తాతయ్య బిస్కత్తులు తెచ్చాడు" అని రాస్తే టీచర్ దాన్ని కొట్టేసి "బిస్కెట్లు" అని దిద్దారు. మా నాన్నగారిది నెల్లూరు వైపు, ఆయన నోట ఎప్పుడూ బిస్కత్తే. ఏది ఒప్పు? అసలు ఆ మాటకు అర్థమేమిటి? బిస్కెట్, బేక్ రెండూ సంస్కృతం నుంచే పుట్టాయని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది, నిజమేనా? ఇంకొకటి. మా ఆఫీసులో ఎవరినైనా కాస్త మెచ్చుకుంటే చాలు, "బిస్కెట్ వేయకండి మేడమ్" అంటున్నారు. ఇది తిట్టా, సరదానా? – వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ ఒప్పే. పిల్ల నోట్‌బుక్‌లో ఎర్రసిరా గీత పడింది కాబట్టి ముందు ఆ మాట చెప్పేసి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. బిస్కత్తు అనేది బిస్కెట్‌ను పలకలేక పాడుచేసిన రూపం అని చాలామంది అనుకుంటారు, టీచరుగారు కూడా అలాగే అనుకుని ఉంటారు. కానీ ఆ మాట వేరే దారిలో వచ్చింది. ఆ దారి ఏదో దాని చివర ఉన్న "త్తు" చెబుతుంది.

ఇంగ్లీషు మాటల్లోని టకారాన్ని తెలుగువాళ్ళు ఎలా తీసుకున్నారో చూడండి. టికెట్టు, కోటు, రిపోర్టు, మార్కెట్టు, బకెట్టు. ఎక్కడా త రాలేదు. ఇంగ్లీషువాళ్ళు ఆ ధ్వని పలికేటప్పుడు నాలుక పళ్ళకు తగలదు, పళ్ళ వెనక చిగురుకు తగులుతుంది. మన త మాత్రం పళ్ళకే తగిలి పుడుతుంది. అందుకే మన చెవి ఆ ఇంగ్లీషు ధ్వనిని త పక్కన కాకుండా ట పక్కన కూర్చోబెట్టింది. పోర్చుగీసువాళ్ళ సంగతి వేరు, వాళ్ళ త మన త లాంటిదే. కాబట్టి పోర్చుగీసు నుంచి వచ్చిన మాటల్లో త నిలిచింది: తువ్వాలు, బొత్తాం, మేస్త్రి, ఇస్త్రీ. ఒకటీ అరా మినహాయింపులు ఉంటాయి కానీ మొత్తం మీద ఈ గుర్తు బాగా పనికొస్తుంది. ఒక అరువు మాట ట తో వచ్చిందా త తో వచ్చిందా అన్నది చూస్తే, అది ఏ ఓడలో దిగిందో చాలాసార్లు చెప్పేయొచ్చు.

పోర్చుగీసులో బిస్కెట్‌ను బిస్కోయితో అంటారు, పాతరూపం బిస్కౌతో. తమిళంలో అది బిస్కోత్తు అయింది. మనవైపు బిస్కోతు అనీ బిస్కత్తు అనీ రెండు రూపాలు నిలిచాయి. ఇప్పుడు కుర్రాళ్ళు పనికిమాలిన వాటిని పట్టుకుని "బిస్కోత్ గాడు", "తొక్కలో బిస్కోత్" అంటుంటారే, అందులో ఉన్న ఓకారం ఇంగ్లీషు బిస్కెట్‌లో ఎక్కడా లేదు, అది పాత పోర్చుగీసు రూపంలో మిగిలిపోయిన ముక్క. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో దిగేనాటికే మన తీరం రేవుల్లో వర్తకులు పోర్చుగీసు ముక్కలతో బేరాలాడుతున్నారు, ఆ తర్వాత కూడా చాలాకాలం డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ స్థానికులతో మాట్లాడటానికి ఆ కలగాపులగపు పోర్చుగీసునే వాడారు. మీ నాన్నగారిది నెల్లూరు వైపు అన్నారు కదా, ఒకపక్క తీరం, ఒకపక్క తమిళం. ఆయన నోట ఆ మాట నిలవడంలో వింతేమీ లేదు.

కాబట్టి టీచరుగారికి నా విన్నపం ఒకటే. బిస్కెట్ అని కూడా అంటారని పక్కన రాయండి, బిస్కత్తును మాత్రం కొట్టేయకండి. తాత నోట విన్న మాటను పిల్ల వ్యాసంలో రాసిందంటే అది మెచ్చుకోవలసిన సంగతి. పాఠ్యపుస్తకంలో లేని ప్రతి రూపాన్నీ తప్పుగా లెక్కేస్తూ పోతే, పిల్లలు ఇంట్లో వినే తెలుగును బడిలో దాచుకోవడం నేర్చుకుంటారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

బహువచనం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో ఒక చక్కటి వ్యాకరణం ఉంది. చెట్టు – చెట్లు, మెట్టు – మెట్లు, బొట్టు – బొట్లు. ట్టు తో ముగిసే మాటకు లు చేరితే ఆ ఉకారం జారిపోయి ట్లు అవుతుంది. టికెట్టు – టికెట్లు, బిస్కెట్టు – బిస్కెట్లు కూడా అంతే, పరాయి మాట అయినా మన చెట్టు నడిచిన బాటలోనే నడిచింది. త్తు తో ముగిసే వాటికి ఈ పద్ధతి లేదు. ఎత్తు – ఎత్తులు, పొత్తు – పొత్తులు, అలాగే బిస్కత్తు – బిస్కత్తులు. మీ అమ్మాయి రాసిన బహువచనం కూడా అక్షరాలా సరైనదే. బిస్కెట్టులు అని రాస్తే మాత్రం దిద్దాల్సిందే.

బిస్కెట్, బిస్కిట్, బిస్కట్ అనే మూడింటిలో ఏది రాయాలి అని కూడా కొందరు అడుగుతుంటారు. వాడుకలో బిస్కెట్ స్థిరపడింది, అదే రాయండి. ఇంగ్లీషులో ఆ మాటకు బి ఐ ఎస్ సి యు ఐ టి అని వింత స్పెల్లింగ్ ఉంది కదా, పలకడానికి అక్కర్లేని యు అక్షరం మధ్యలో ఎందుకుందో పిల్లలకు అర్థం కాదు. పదహారు నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా ఇంగ్లీషువాళ్ళు దాన్ని మామూలుగా బి ఐ ఎస్ కె ఇ టి అనే రాసేవారు. తర్వాత ఫ్రెంచి స్పెల్లింగ్ మీద మోజుతో దాన్ని తెచ్చి తగిలించుకున్నారు, ఉచ్చారణ మాత్రం పాతదే ఉంచుకున్నారు. మనం రాసే బిస్కెట్ వాళ్ళ పాత స్పెల్లింగుకు దగ్గరగా ఉంది.

ఇక అర్థం. లాటిన్‌లో బిస్ అంటే రెండుసార్లు, కోక్తుస్ అంటే వండినది. రెండుసార్లు కాల్చిన రొట్టె అని అర్థం. ఇది పాత ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఇటాలియన్ బిస్కోత్తో, పోర్చుగీసు బిస్కోయితో కూడా ఆ లాటిన్ తల్లి బిడ్డలే.

ఇప్పుడు మీ వాట్సాప్ మెసేజ్. అందులో సగం నిజం, సగం అబద్ధం ఉన్నాయి, రెండూ కలిసి ఉండటమే అసలు చిక్కు. బిస్కెట్ సంస్కృతం నుంచి పుట్టలేదు. కానీ ఆ మాటలోని రెండు ముక్కలకూ సంస్కృతంలో రక్తబంధువులు ఉన్నారు. లాటిన్ బిస్, సంస్కృతంలోని ద్విః ఒకే పాత మాటకు రెండు రూపాలు (ద్విచక్రం – బైసికిల్ జంటలో కూడా ఆ ద్వి, బై చుట్టరికమే కనిపిస్తుంది). రెండో ముక్క మరీ అందంగా ఉంటుంది. వండటానికి సంస్కృత ధాతువు పచ్, దాని నుంచే పాకం, పక్వం, పచనం. లాటిన్‌లో వండటం కోక్వెరె. ప కు క కు ఏం పొత్తు అని అడుగుతారేమో, ఐదు అంకెను పక్కన పెట్టి చూడండి. సంస్కృతంలో పంచ, గ్రీకులో పెంతె, లాటిన్‌లో క్వీంక్వె. లాటిన్‌లో మాట మధ్యలో ఉన్న క్వ మొదట్లో ఉన్న ప ను కూడా తన దారికి లాక్కుంది. పచ్ విషయంలోనూ జరిగింది అదే: గ్రీకులో పెప్తెయిన్, లాటిన్‌లో కోక్వెరె. ఆ గ్రీకు మాటకు అరగడం అనే అర్థం కూడా ఉంది, మన కడుపులో ఊరే పెప్సిన్ పేరు దాని నుంచే వచ్చింది. మనం కూడా అరుగుదలను పచనం అంటాం కదా. వండటం, పండటం, అరగడం మూడింటినీ ఒకే ధాతువు మోస్తోంది, అటు గ్రీకులోనూ ఇటు సంస్కృతంలోనూ.

అంటే బిస్కెట్‌ను ముక్కకు ముక్క సంస్కృతంలో పెడితే ద్విపక్వం అవుతుంది. ఇది చూసి సంబరపడండి, తప్పులేదు, నాకూ ఇష్టమైన జంట ఇది. కానీ బంధువులంటే తల్లీబిడ్డలు కాదు. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే పాత భాష నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్ళు, ఒకరు ఇంకొకరిని కనలేదు.

బేక్ సంగతికి వస్తే, పాకం – బేక్ అని పక్కపక్కన రాసి చూపించే ఆ భాగం పూర్తిగా తప్పు. సంస్కృతంలో ప ఉన్నచోట ఇంగ్లీషులో ఫ వస్తుంది: పితృ – ఫాదర్, పాద – ఫుట్. ఇంగ్లీషులో బ ఉన్నచోట సంస్కృతంలో భ ఉంటుంది: బ్రదర్ – భ్రాతృ, బేర్ – భరించు లోని భృ. ఇది ఒకటి రెండు మాటల్లో కుదిరిన పోలిక కాదు, వరసగా వందల మాటల్లో కనిపించే నియమం. ఈ లెక్కన పచ్ ధాతువు ఇంగ్లీషులోకి నేరుగా దిగివచ్చి ఉంటే ఫ తో మొదలయ్యేది. బ తో మొదలయ్యే బేక్ వేరే ధాతువు బిడ్డ. ఇంగ్లీషులో పచ్‌కు చుట్టాలు కావాలంటే కుక్‌ను, కిచెన్‌ను చూడాలి, ఆ రెండూ లాటిన్ నుంచి అరువుగా వెళ్ళినవి. రెండు మాటలు వినడానికి ఒకేలా ఉంటే చాలు చుట్టాలని తేల్చేస్తే ఎక్కడికైనా వెళ్ళిపోవచ్చు. నిజమైన చుట్టాలు చాలాసార్లు ఒకేలా ఉండరు, పంచ – క్వీంక్వె లాగా.

రొట్టెను రెండుసార్లు ఎందుకు కాల్చారు? నిలవ కోసం. రొట్టెలో తడి ఉన్నంతకాలం బూజు పడుతుంది, ఒకసారి కాల్చితే పైన ఎండుతుంది కానీ లోపల తడి ఉండిపోతుంది. మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టి ఆ తడి కూడా తీసేస్తే నెలల తరబడి ఉంటుంది. సముద్రం మీద నెలలు గడిపే నావికులకు అదే అన్నం. 1677లో శామ్యూల్ పీప్స్ అనే అధికారి ఇంగ్లండ్ నౌకాదళానికి ఆహారం ఖాయం చేస్తూ మనిషికి రోజుకు ఒక పౌను బిస్కెట్ అని రాయించాడు. ఒక పౌను అంటే దాదాపు అర కిలో. ఆ బిస్కెట్ మన టీలో ముంచుకునే రకం కాదు, రాయిలా ఉండేది, దాన్ని బల్లకేసి కొట్టి పురుగులు దులిపి తినేవారు. పిండి ఉబ్బకుండా ఆవిరి బయటికి పోవడానికి దానికి పొడిచిన చిల్లులు ఇవాళ్టి మేరీ బిస్కెట్ మీద కూడా అలాగే ఉన్నాయి. ఆ మేరీ పేరు 1874లో బ్రిటన్ రాకుమారుణ్ణి పెళ్ళాడిన రష్యా రాకుమారి మరియాది, లండన్‌లోని ఒక బిస్కెట్ కంపెనీ ఆ పెళ్ళి సందర్భంగా పెట్టింది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. ఇప్పుడు మనం కొనే బిస్కెట్లు రెండుసార్లు కాల్చినవి కావు. పిండి, చక్కెర, కొవ్వు కలిపి పలచగా ఒత్తి ఒకేసారి కాలుస్తారు, పలచగా ఉంటుంది కాబట్టి తడి ఒక్క కాల్పుకే పోతుంది. పేరులో ఉన్న రెండు కాల్పులు నిజంగా ఉన్నది మన బేకరీలో పక్క జాడీలో ఉండే రస్కులో. ఏదైనా పాతకాలపు బేకరీ వెనక్కి వెళ్ళి బట్టీ దగ్గర నిలబడి చూడండి, రొట్టె కాల్చి దించుతారు, వేడి మీద కోస్తే ముక్క సరిగా తెగదు కాబట్టి ఆరనిస్తారు, తర్వాత ముక్కలు కోసి ట్రేలో వరసగా పరిచి, బట్టీ సెగ తగ్గాక మళ్ళీ లోపలికి తోస్తారు. రెండోసారి బయటికొచ్చేసరికి ముక్క ఎర్రబడి, వేలితో తడితే టకటకమంటుంది. లాటిన్‌వాళ్ళ దృష్టిలో అసలు బిస్కెట్ అంటే అదీ.

మరి రస్కు అంటే ఏమిటి? అది స్పానిష్, పోర్చుగీసుల్లోని రోస్కా, అంటే మెలిక, చుట్ట. ఒకప్పుడు ఆ రొట్టెను మెలితిప్పి చేసేవారు, ఇప్పుడు మెలికా లేదు చుట్టా లేదు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో ఇలాంటి దాన్నే టోస్ట్ అంటారు. టోస్ట్ మూలం ఎండబెట్టడం, మాడ్చడం అనే లాటిన్ మాట. దానికి సంస్కృతంలో చుట్టం తృష్, అంటే దాహం, దాని నుంచే తృష్ణ. నాలుక ఎండితే తృష్ణ, రొట్టె ఎండితే టోస్ట్.

అందుకే బిస్కెట్‌కు తెలుగు పేరు పెట్టమని అడిగేవాళ్ళకు నేను ద్విపక్వం సూచించను. అది ఇవాళ్టి వస్తువుకు సరిపోదు, పైగా మన వ్యాకరణంలో ఇంతగా ఇమిడిపోయిన మాటను బయటికి పంపాల్సిన అవసరం ఏముంది? చెట్లు లాగా బిస్కెట్లు అన్నాక అది మనదే. బేక్ చేయడానికి మాత్రం మనకు కాల్చడం ఉంది. రొట్టె కాలుస్తాం, ఇటుక కాలుస్తాం, మొక్కజొన్నపొత్తు కాలుస్తాం. అనువాదాల్లో "బిస్కెట్లను వండారు" అని చదివినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. బిస్కెట్లు వండరు, కాలుస్తారు. లేదా బేక్ చేస్తారు అనండి, అదీ తెలుగే అయిపోయింది.

అర్థం దేశాన్ని బట్టి కూడా మారింది. అమెరికాలో బిస్కెట్ అంటే మెత్తగా పొంగిన చిన్న రొట్టె, గ్రేవీ పోసుకుని తింటారు. మన బిస్కెట్‌ను వాళ్ళు కుకీ అంటారు, అది డచ్చిభాషలో చిన్న కేకు అనే మాట. కొత్తగా అక్కడికి వెళ్ళిన మనవాళ్ళు టీలోకని బిస్కెట్ అడిగితే బన్నులాంటిది చేతికొచ్చి తెల్లబోవడం మామూలే. బ్రిటన్‌లో 1991లో జాఫా కేక్ అనే తినుబండారం కేకా బిస్కెట్టా అని పన్నుల ట్రైబ్యునల్ ముందు వాదన నడిచింది, ఎందుకంటే చాక్లెట్ పూసిన బిస్కెట్‌కు పన్ను ఉంది, కేకుకు లేదు. అక్కడ చూసిన గుర్తుల్లో ఒకటి ఏమిటంటే, కేకు పాతబడితే గట్టిపడుతుంది, బిస్కెట్ పాతబడితే మెత్తబడుతుంది. జాఫా గట్టిపడింది, కేకుగా గెలిచింది. డబ్బా మూత సరిగా పెట్టకపోతే "బిస్కెట్లన్నీ మెత్తబడిపోయాయి" అని విసుక్కునే మన ఇళ్ళలో ఈ తేడా ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

తెలుగులో అర్థం ఇంకా రెండు వైపులకు సాగింది. బట్టల కొట్లో బిస్కెట్ కలర్ అంటే లేత గోధుమరంగు. పేపర్లలో శంషాబాద్ విమానాశ్రయంలో పట్టుబడే బంగారు బిస్కెట్లు ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు, అందులో పేరుమోసిన పది తులాల బిస్కెట్ 116.64 గ్రాములు ఉంటుంది.

చివరగా మీ ఆఫీసు సంగతి. "బిస్కెట్ వేయకండి" అనే మాటలో కొరుకుడు బిస్కెట్‌లో లేదు, వేయడంలో ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళకు బిస్కెట్లు పెడతాం. పిల్లలకు ఇస్తాం. కుక్కకు వేస్తాం. తెలుగులో ఈ మూడు క్రియలూ ఎదుటివాళ్ళ స్థానాన్ని తేల్చేస్తాయి. గొడ్డుకు మేత వేస్తాం, కోళ్ళకు గింజలు వేస్తాం, చేపకు ఎర వేస్తాం. విస్తట్లో "కాస్త కూర వెయ్యి" అన్నప్పుడు మాత్రం అది వడ్డన, అందులో చులకన లేదు, అక్కడ వేసేది విస్తట్లోకి, మనిషికి కాదు. "వాడికి అన్నం పెట్టాడు" అనే చోట "వాడికి అన్నం వేశాడు" అని చూడండి, వెంటనే మనిషి కిందికి జారిపోతాడు. కాబట్టి "ఆయనకు బిస్కెట్ వేశాడు" అంటే తోక ఊపించుకోవడానికి ఏదో విసిరాడు అని. మెచ్చుకున్నవాడి ఉద్దేశాన్ని అనుమానించడం, మెప్పు పొందినవాణ్ణి కుక్కతో పోల్చడం రెండూ అందులో ఉన్నాయి. "బిస్కెట్ అయ్యాడు" వేరే మాట. దానికి మోసపోయాడు, బోల్తా పడ్డాడు అని అర్థం, సినిమా ఆడకపోయినా అదే అంటున్నారు.

మీ ఆఫీసువాళ్ళు దాన్ని తిట్టుగా అనడం లేదు. "బిస్కెట్ వేయకండి" అని తన గురించే తాను అనుకున్నప్పుడు ఆ పోలిక తన మీదే వేసుకుంటున్నారు కాబట్టి అది మొహమాటంతో కూడిన సరదా. నవ్వి ఊరుకోండి. అదే మాటను మూడోమనిషి గురించి, అందులోనూ పెద్దవాళ్ళ ముందు, "ఆవిడ బాస్‌కు బిస్కెట్లు వేస్తోంది" అంటే మాత్రం అది నింద, కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇదే భావానికి మనకు మునగచెట్టు ఎక్కించడం అనే పాత జాతీయం ఉంది. రెండూ ఒకటి కావు సుమా. మునగకొమ్మ పెళుసు, ఎక్కినవాడు పడతాడు, అంటే ఆ జాతీయం దృష్టి పొగడ్త విన్నవాడికి జరిగే నష్టం మీద. బిస్కెట్ దృష్టి పొగిడినవాడికి వచ్చే లాభం మీద. ఎవరైనా మిమ్మల్ని నిజంగా అతిగా పొగుడుతుంటే "నన్ను మునగచెట్టు ఎక్కించకండి" అనండి, చెప్పాల్సింది చెప్పినట్టూ ఉంటుంది, ఎవరినీ కుక్కను చేసినట్టూ ఉండదు.